ఎత్తిపోతల దగ్గర గుల్మార్గ్ కబుర్లు

పల్నాడులో మంచు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఓ గొడవ వదిలిపోతుంది. జనవరి నెల తెల్లవారుజామున మాచర్ల బస్టాండులో మఫ్లరు చుట్టుకుని టీ తాగేవాళ్ళు ‘అబ్బ, ఏం మంచు!’ అంటారే, అది పొద్దెక్కితే పోయే పొగమంచు. ఇక వేసవి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండ ఎక్కడెక్కువ కాసిందో వార్తల్లో చెప్పినప్పుడల్లా వినిపించే రెంటచింతల ఈ సీమదే! బండ మీద కోడిగుడ్డు కొడితే ఆమ్లెట్ అయిపోతుందని అక్కడివాళ్ళు కాస్త గర్వంగానే చెప్పుకుంటారు.

అలాంటి గడ్డ మీద నిలబడి కాశ్మీరు మంచుకొండల ఊసు ఎత్తడమేమిటి, వడదెబ్బ గాని తగిలిందా అంటారా? అదేం లేదు. మొన్న వానాకాలంలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, మర్నాడు పొద్దున్నే ఆకాశం అద్దంలా తేటపడ్డాక ఎత్తిపోతల చూడటానికి వెళ్ళాను. అక్కడ కుర్రాళ్ళ గుంపొకటి కనిపించింది. వాళ్ళ మాటల్లో గుల్మార్గ్ దొర్లింది. డిసెంబరులో డబ్బులు పోగేసి అక్కడికి వెళ్ళి స్కీయింగ్ చేస్తారట! అదీ కథకు మొదలు.

ముందు దారి చెబుతాను. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల. 2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయ్యాక నరసరావుపేట జిల్లా కేంద్రమైంది గాని, పల్నాటి వాసన మాత్రం పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటాకే తగులుతుంది. దారి పొడుగునా నాపరాయే. ఇంటి అరుగు నాపరాయి, పశువుల కొట్టం నాపరాయి, పొలానికి దడి కూడా నిలబెట్టిన నాపరాయి పలకలే. నిలవేసిన మిరపకాయల ఘాటు బస్సు కిటికీలోంచి లోపలికొచ్చి అందరిచేతా ఒకేసారి తుమ్మిస్తుంది. కారెంపూడి వైపు మళ్ళితే నాగులేటి ఒడ్డున వీరుల గుడి. 1947లోనూ, 1966లోనూ ‘పల్నాటి యుద్ధం’ పేరుతో రెండు సినిమాలు వచ్చాయని మన పాఠకులకు నేను చెప్పాలా? మొదటిదాంట్లో కన్నాంబ నాగమ్మ, రెండోదాంట్లో భానుమతి. ఎవరు గొప్ప అంటే ఈ వూళ్ళలో ఇప్పటికీ అరుగుల మీద పెద్దవాళ్ళు రెండు పార్టీలే!

మాచర్ల దాటి సాగర్ రోడ్డు పట్టాక వస్తుంది ఎత్తిపోతల. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా దూకేస్తాయి. కింద మడుగు. ఆ మడుగులో మొసళ్ళ పెంపక కేంద్రం. అక్కడి నుంచి లోయలో కాస్త దూరం నడిచి ఆ నీళ్ళు కృష్ణలో కలుస్తాయి. యతులు తపస్సు చేసిన తలం గనక ఆ పేరొచ్చిందని కొందరు, ఎత్తి పోసినట్టు పడుతుంది గనక అని కొందరు. ఆ రోజు చూస్తే మాత్రం రెండో మాటే నిజమనిపించింది. నీళ్ళు కావవి, ఎర్రమన్ను కలిపి కుండలతో కుమ్మరిస్తున్నట్టుంది. ఎదుటి గట్టున నిలబడిన మా మొహాల మీద తుంపర. మాటాడితే పక్కవాడికి వినపడదు. అందం అంటే అదీ!

కుర్రాళ్ళు ఆరుగురు. చేతుల్లో ఫోన్లు. కంచె దాటి, వాగు పై భాగాన బండల మీదకి వెళ్ళి అంచున నిలబడి ఓ రీలు తీయాలని వాళ్ళ ప్లాను. టీ అమ్మే పెద్దామె పసిగట్టేసింది.

“ఏం అబ్బాయా, ఆ రాళ్ళ మీదకి పోమాకండి.”

“వాన ఆగిపోయిందిగా పెద్దమ్మా!”

“ఆగింది ఇక్కడ. పైన కొండల్లో కురిసిన నీళ్ళు ఇంకా దిగొద్దూ? నీళ్ళు నడిచి రావాలి గదా నాయనా! టైము పట్టిద్ది.”

ఆమె ఏ కాలేజీలో చదివిందో గాని, వరదల ఇంజనీర్లు లావుపాటి పుస్తకాల్లో రాసే సంగతి మూడు ముక్కల్లో చెప్పేసింది. కుర్రాళ్ళు నవ్వారు గాని ఆగారు. టీ తీసుకుని బెంచీల మీద చేరారు. గుల్మార్గ్ కబుర్లు అప్పుడు మొదలయ్యాయి.

తెర మీద మంచు, కొండ మీద మంచు

మనలో చాలామందికి మంచు తెలిసింది సినిమాహాల్లోనే. బయట 42 డిగ్రీల ఎండ. లోపల ఫ్యాను కింద సీటు కోసం కొట్లాట. తెర మీద మాత్రం హీరో స్వెట్టరు వేసుకుని, పల్చటి చీరలో వణికిపోతున్న హీరోయిన్ మీద గుప్పెడు మంచు విసురుతాడు. (ఆ అమ్మాయికీ ఓ స్వెట్టరు ఇవ్వాలని ఏ డైరెక్టరుకూ ఎందుకు తోచదో!) 1973 నాటి ‘బాబీ’ పాట తీసిన చిన్న ఇల్లు గుల్మార్గ్‌లో ‘బాబీ హట్’ అనే పేరుతోనే యాత్రికులకు తెలుసు. 1992లో ‘రోజా’ చూసి కాశ్మీరు ఎంత బావుందో అని మురిసిపోయామే, అందులో మనం చూసిన మంచు మనాలీది. ఏ వూరిదైనా తెర మీద మంచు దూదిలా వుంటుంది. పడ్డవాళ్ళు నవ్వుతూ లేస్తారు.

అసలు మంచు కథ చెప్పడానికి పల్నాడే సరైన చోటు అని నాకు ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు తట్టింది. కాళ్ళకింద నాపరాయి వుంది గదా!

ఏటవాలుగా వున్న గట్టు మీద ఓ పెద్ద నాపరాయి పలక పెట్టి, దాని కింద గుప్పెడు పంచదార చల్లారనుకోండి. పలక అప్పటికి కదలకుండానే వుంటుంది. దాని మీద మరో పలక, ఇంకో పలక పెట్టుకుంటూ పోయారు. బరువు పెరిగింది. అప్పుడు ఓ మనిషి వచ్చి దానిమీద కాలేశాడు. ఏమవుతుంది? మనిషితో సహా మొత్తం జారుకుంటుంది. మంచుకొండల్లో జరిగేది అక్షరాలా ఇదే. చలికాలం మొదట్లో పడిన పల్చటి మంచు, నిర్మలమైన చలి రాత్రుల్లో నెమ్మదిగా పంచదార పలుకుల్లా మారిపోతుంది. ఒకదానికొకటి అతుక్కోదు. ఆ తర్వాత పెద్ద తుపాను వచ్చి రెండు మూడు రోజుల్లో అడుగుల కొద్దీ కొత్త మంచు దానిమీద పేరుస్తుంది. పైన గట్టి పలక, కింద పంచదార. గట్టు వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య వుంటే, అది జారడానికి ఒక్క మనిషి బరువు చాలు. స్కీయింగ్‌కి సరదాగా వుండే వాలు ఎంతంటారా? అదీ అంతే! అక్కడే వచ్చింది చిక్కు.

మీరు సినిమాల్లో చూసినట్టు ఎవరో గట్టిగా అరిస్తే మంచుచరియలు విరిగిపడవు. అది రచయితల కల్పన. ప్రమాదాల్లో చిక్కుకున్నవారిలో పదింట తొమ్మిదిసార్లు ఆ మంచును కదిలించింది వాళ్ళో, వాళ్ళ జట్టులోని మరొకరో. జేమ్స్ బాండ్ సినిమా ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ (1969)లో విలన్ మందు పేల్చి కొండ చరియను హీరో మీదకు తోస్తాడు. ఆ పేల్చడం అనేది మాత్రం నిజంగానే వుంది. విదేశాల్లో పేరున్న స్కీ కేంద్రాల్లో జనాన్ని వదలక ముందే, తెల్లారగట్ల సిబ్బంది మందు పేల్చి ఆ బరువును కావాలని దింపేస్తారు. విలన్ పని అన్నమాట, మంచి వుద్దేశంతో!

గాలి సంగతి ఇంకా విచిత్రం. కల్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు చూశారుగా. చేట ఎత్తి వదిలితే తాలూ పొట్టూ గాలికి కొట్టుకుపోయి అవతల కుప్పగా పడతాయి. మంచు తుపాను తర్వాత వీచే గాలి కొండను అలాగే తూర్పారబడుతుంది. గాలి తగిలే వైపు మంచును గోకి, శిఖరం దాటించి, అవతలి మరుగులో పోస్తుంది. వాన కొలిచినట్టు మంచు కొలిచి ‘రెండడుగులు పడింది’ అని చెప్పినా, ఆ మరుగున అంతకు రెండు మూడింతలు పోగై వుండొచ్చు. పైకి చూస్తే అదే నున్నగా, ఒక్క ముడత లేకుండా, పిలిచినట్టుగా వుంటుంది. శిఖరం అంచున ఆ గాలే మంచును పాక చూరులాగా బయటికి లాగి వేలాడదీస్తుంది. పైన నిలబడిన వాడికి కింద కొండ వున్నట్టే వుంటుంది. వుండేది గాలి.

ఇక జనం సంగతి చూడండి. మూడు రోజులు తుపాను. హోటలు గదుల్లో మూతి ముడుచుకుని కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున్నే నీలాకాశం, ఎండ, కొండంతా తెల్లటి కొత్త పరుపు. ఇంకెవరి అడుగూ పడలేదు. ఇది ఎలాంటిదో మీకు ఒక్క మాటలో చెబుతాను: ఫస్ట్ డే ఫస్ట్ షో! రెండో ఆట చూడరా అంటే అభిమాని ఒప్పుకుంటాడా? మరి స్కీయింగ్ చేసేవాడూ అంతే. తన గీతే మొదటి గీత కావాలి. కొత్త మంచు కుదురుకోవడానికి కనీసం ఒకటి రెండు రోజులు కావాలి, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే. ఫస్ట్ షో టిక్కెట్టు మాత్రం ఆ రోజే చెల్లుతుంది.

గుల్మార్గ్‌లో 2010 ఫిబ్రవరి 8న ఖిలాన్‌మార్గ్ దగ్గర శిక్షణలో వున్న 17 మంది సైనికులు మంచుచరియల కింద చనిపోయారు. కొండల్లో యుద్ధం చేయడం నేర్పే స్కూలు వారిది. మంచు తెలియనివాళ్ళు కాదు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ కొండ వాలులో ఇద్దరు పోలండు స్కీయర్లు పోయారు. 2024 జనవరిలో మంచే లేక గుల్మార్గ్ బోసిపోయింది. పత్రికల నిండా గడ్డి ఫొటోలు. ఫిబ్రవరిలో ఒక్కసారిగా విరగ్గురిసింది. ఆ నెల 22న అక్కడ చరియ విరిగి ఒక రష్యన్ స్కీయర్ మరణించాడు, అతనితో వున్న తక్కినవాళ్ళను కాపాడారు. పైన చెప్పిన పంచదార, పలక కథ మళ్ళీ ఒకసారి చదవండి.

చరియ కింద చిక్కితే ఏమవుతుంది? దూది అనుకున్నది కదలిక ఆగగానే సిమెంటులా బిగుసుకుపోతుంది. వేలు కూడా కదపలేరు. మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే చాలామంది బతుకుతారు. 35 నిమిషాలు దాటితే ముగ్గురిలో ఒకరు దక్కడం కష్టం. అంతసేపట్లో కింద నుంచి పోలీసులూ, మిలటరీ వాళ్ళూ రాలేరు. పక్కనున్న స్నేహితుడే తవ్వాలి. అందుకే ప్రతివాడి దగ్గరా మూడు వస్తువులు తప్పనిసరి: ఎక్కడ పూడుకుపోయాడో సంకేతం పంపే ట్రాన్సీవరు, గుచ్చి చూసే పొడుగాటి కడ్డీ, ఓ పార. ఈ మాట చెబితే కుర్రాళ్ళలో ఒకడు “పార కూడానా సార్?” అని పకపకా నవ్వాడు. “ఫొటోల్లో బాగోదు” అన్నాడు ఇంకోడు. నిజమే, ఏ హీరో పార పట్టుకుని డ్యూయెట్ పాడాడు గనక!

మంచు మనకు బొత్తిగా సంబంధం లేనిది అనుకోవడానికీ లేదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19 వేల అడుగులకు పైన సోనం పోస్టు మీద మంచు గోడ విరిగిపడి మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది సమాధి అయ్యారు. వాళ్ళలో కర్నూలు జిల్లా జవాను ఒకరున్నారు. ఆరు రోజుల తర్వాత పాతిక అడుగుల పైచిలుకు మంచు కింద ఒక సైనికుడు వూపిరితో దొరికితే దేశమంతా మొక్కుకుంది. ఫిబ్రవరి 11న ఆయనా వెళ్ళిపోయాడు.

నీళ్ళకూ గాలికీ మన వూళ్ళో పని

మళ్ళీ మన వాగు దగ్గరికి వద్దాం. ఇక్కడ పలక జారదు, నీళ్ళు జారతాయి. తర్కం మాత్రం ఒకటే. బరువు పైనెక్కడో చేరుతుంది, మనం కింద నిలబడి ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకుంటాం. చంద్రవంకకు నీళ్ళొచ్చేది నల్లమల వైపు కొండల్లోంచి. అక్కడి వాన ఇక్కడికి కొన్ని గంటలు ఆలస్యంగా చేరుతుంది. వచ్చే ముందు కబురు పంపకపోదు. నీళ్ళ రంగు మారుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, హోరు పెరుగుతుంది. హోరు ముందే చెవులు చిల్లులు పడేట్టు వున్నచోట, అది పెరిగిందని ఎవడికి తెలుస్తుంది? మోకాటి లోతు నీళ్ళే అయినా వేగం వుంటే పెద్ద మనిషిని పడగొట్టేస్తాయి. పైగా ఆ బండల మీద పాచి. అంచున పడినవాడు ఎక్కడికి చేరతాడో 70 అడుగుల ముచ్చట ముందే చెప్పాను. కింద మడుగులో మొసళ్ళ గురించే అందరూ భయపడతారు గాని, అసలు భయం జలపాతం మొదట్లో తిరిగే సుడి. అక్కడి నీళ్ళలో గాలి బుడగలు కలిసి నురగవుతాయి. నురగ మనిషిని తేలనివ్వదు. ఈత వచ్చినవాడికీ అంతే.

2014 జూన్ 8 మీకు గుర్తుండే వుంటుంది. హైదరాబాదు నుంచి మనాలి విహారానికి వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు దారిలో బియాస్ నది రాళ్ళ మీద దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. చూస్తూ వుండగానే నది పెరిగింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్ళమీద వాన చుక్క పడలేదు. వాళ్ళు చూస్తున్నది ‘రోజా’ మంచు వున్న వైపే. ఈ సంగతి నేను చెప్పినప్పుడు బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

డ్యాం మాట వచ్చింది గనక. పల్నాటి అంచున పులిచింతల ప్రాజెక్టు వుంది. 2021 ఆగస్టు 5న తెల్లవారుజామున దాని 16వ గేటు వూడి కొట్టుకుపోయింది. ఆ తర్వాత మరమ్మతు కోసం జలాశయాన్ని ఖాళీ చేయాల్సి వచ్చి, దిగువ గ్రామాలను ముందే హెచ్చరించారు. ఆకాశంతో పని లేకుండా నది పెరగొచ్చు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మధ్యాహ్నానికి సాగర్ చేరాను. 26 గేట్లున్న ఆ డ్యాం గురించి మన పాఠకులకు పరిచయం అనవసరం. ఎన్ని పాటల్లో హీరోహీరోయిన్లు ఆ గట్ల మీద పరిగెత్తలేదు! విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో సుమారు 14 కిలోమీటర్లు. ఇక్ష్వాకుల నాటి నగరమంతా నీళ్ళ కింద, దానిలోంచి తీసిన శిల్పాలు దీవి మీద. చూసి తీరాల్సిందే. ఆ రోజు లాంచీలు ఆపేశారు. గాలి. టిక్కెట్టు కౌంటరు ముందు ఒకాయన, పిల్లలతో సహా వచ్చినాయన, మండిపడుతున్నాడు: “వాన లేదు, మబ్బు లేదు. ఎండ కాస్తోంది. లాంచీ ఎందుకు తియ్యరండీ?”

లాంచీ మనిషి ఓపిగ్గా నీళ్ళవైపు చెయ్యి చూపించాడు. “ఇక్కడ ఒడ్డునే ఇట్టా వుంది. నడిమధ్యకి పోతే యాడా ఆసరా లేదండి. గాలి మొత్తం అక్కడే తగిలిద్ది.”

అది కూడా పుస్తకాల్లో మాటే. గాలి అడ్డు లేకుండా నీటి మీద ఎంత దూరం పరిగెడితే అల అంత పెద్దదవుతుంది. చెరువులో వచ్చే అల వేరు, సాగర్ మీద వచ్చే అల వేరు. పైగా పడవ వూగగానే జనం ఏం చేస్తారు? భయపడ్డవాళ్ళంతా ఒక పక్కకు చేరతారు. 2018 మే 15న గోదావరి మీద మంటూరు దగ్గర లాంచీ మునిగింది ఈదురుగాలికే. ఆ మరుసటి ఏడు, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. అప్పుడు గాలి కాదు, వరద. 77 మంది ఎక్కితే 26 మంది బయటపడ్డారు. ‘గోదావరి’ (2006) సినిమా చూశాక ఆ ప్రయాణం చేయాలని ఎంతమంది కలలు కన్నారో! అందుకే లాంచీ ఆపినవాణ్ణి తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గుల్మార్గ్‌లోనూ గాలి ఎక్కువైతే అఫర్వత్ మీదకు వెళ్ళే గొండోలా ఆపేస్తారు. అక్కడా ఇలాగే గొడవ పడతారు యాత్రికులు. 2017 జూన్ 25న, మంచు కూడా లేని రోజుల్లో, గాలికి చెట్టు కూలి ఆ తీగల మీద పడితే ఏడుగురు చనిపోయారు.

కుర్రాళ్ళ గుల్మార్గ్ ప్లాను మానుకోమని నేను చెప్పలేదు. చెబితే వింటారా? మంచు చూడాల్సిన వయసు అదే. సిబ్బంది కాపలా వున్న వాలుల్లో, స్థానిక గైడుతో, మంచుచరియల హెచ్చరిక ఆ రోజు ఏ స్థాయిలో వుందో చూసుకుని వెళ్ళమన్నాను. చండీగఢ్‌లో రక్షణశాఖ పరిశోధన సంస్థ ఒకటి ఇదే పని మీద వుంది. చలికాలంలో జిల్లాలవారీగా హెచ్చరికలు వస్తాయి. తాళ్ళు కట్టి ‘ఇటు రావద్దు’ అని రాసిన చోటు దాటొద్దన్నాను. “ఇక్కడ కంచెలాగా” అన్నాడు వాళ్ళలో పార మాటకు నవ్వినవాడు.

ఎత్తిపోతలకు వెళ్ళాలనుకునే మీకు చెప్పేదేమిటంటే, పెద్ద వాన వెలిసిన రోజున కాకుండా రెండు మూడు రోజులు ఆగి వెళ్ళండి. ఎరుపు తగ్గి నీళ్ళు పాలనురుగులా తెల్లబడతాయి, ఫొటోలకి అదే బాగుంటుంది. ఎదుటి గట్టు మీద నుంచి చూస్తే మొత్తం జలపాతం ఒక్క ఫ్రేములో పడుతుంది. అంచు మీద నిలబడితే పడేది మీ మొహం ఒక్కటే. సాగర్ వెళ్ళేవాళ్ళు లాంచీ వున్నదీ లేనిదీ బయల్దేరే ముందే కనుక్కోండి. సాయంత్రం మాచర్లలో దిగి మిరపకాయ బజ్జీలు తినడం మరచిపోవద్దు. కారం మాత్రం తగ్గించమని ముందే చెప్పాలి. వాళ్ళు తగ్గించినా అది పల్నాటి కారమే.